ఉదయగిరి ముట్టడి పది నిమిషాల్లో ముగియదు: యుద్ధం గేములు చేసేవారికి ఒక బహిరంగ లేఖ

మన దేశంలో యుద్ధం గేములు తయారుచేసే, అమ్మే, ఇక్కడి భాషల్లోకి తెచ్చే సంస్థల యాజమాన్యాలకూ,
కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లో గేమింగ్ రంగం చూసే అధికారులకూ,

నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చరిత్ర పాఠాలు చెప్పేవాళ్లం, శాసనాలు చదివేవాళ్లం, గేములు ఆడేవాళ్లం, గేములకు కోడు రాసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మీ దగ్గర పనిచేసే కళాకారుల పనితనం తక్కువది కాదని మాకు తెలుసు. పొగడ్త అక్కడితో ఆపి విషయానికి వస్తాం.

మీలో కొన్ని సంస్థలకు, వాటి గేముల్లోని చారిత్రక దోషాలను సన్నివేశాల వారీగా రాసి పంపాం. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని యంత్రం పంపిన జవాబు తప్ప మనిషి రాసిన వాక్యం ఒక్కటీ రాలేదు. ఒక ప్రభుత్వ కార్యాలయానికి పంపిన స్పీడ్ పోస్టు చేరినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు పెడుతున్నాం.

మేం నిషేధం అడగడం లేదు. హింస ఉంది కాబట్టి ఆపేయమనీ అనడం లేదు. యుద్ధం గేములో యుద్ధం ఉంటుంది. మా తగాదా అంతా మీ శ్రద్ధ ఎటు పోతోందన్న దాని మీదే. లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీనే తీసుకోండి. మ్యాగజైన్‌లో పది తూటాలు. అయిదేసి తూటాల క్లిప్పులు రెండు పైనుంచి బొటనవేలితో నొక్కి దించాలి. మంచి గేములో ఆ బొటనవేలు కూడా కనిపిస్తుంది. ఎం1 గరాండ్ రైఫిల్‌లో ఎనిమిదో తూటా పేలగానే ఖాళీ క్లిప్పు టింగుమని ఎగిరే చప్పుడు తెలియని గేమర్ ఉండడు. తుపాకీలో మర మరకూ ఇంత మర్యాద చేసిన చేతులే, ఆ తుపాకీ పట్టుకున్నవాడు ఏ ఊరివాడు, ఎవరి మీద పేల్చాడు, పేల్చాక ఆ ఊరు ఏమైంది అనేసరికి అలసిపోతున్నాయి.

మా ఫిర్యాదులు ఇవీ.

1. ఒకరి పాపం ఇంకొకరి నెత్తిన రుద్దడం

2019లో వచ్చిన "కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్"లో "హైవే ఆఫ్ డెత్" పేరుతో ఒక ఘట్టం ఉంది. ఉర్జిక్‌స్తాన్ అనే కల్పిత దేశంలో, పారిపోతున్నవాళ్ల మీద ఆ రోడ్డు పొడవునా రష్యన్లు బాంబులు వేశారని అందులో చెప్పిస్తారు. ఆ పేరు మోసిన రోడ్డు నిజంగా ఉంది. 1991 ఫిబ్రవరి 26, 27 తేదీల్లో కువైట్ నుంచి బస్రా వైపు వెనక్కి మళ్లిన ఇరాకీ వాహనాల వరుసను ఆ రోడ్డు మీద ధ్వంసం చేసింది అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనల విమానాలు. అది న్యాయమా అన్యాయమా అన్నది నేటికీ వాదన నడిచే విషయమే. ఆ వాదనలో రెండు పక్షాలూ చెప్పుకోవాల్సింది ఉంది. చేసిందెవరన్నది మాత్రం వాదన కాదు.

దేశం కల్పితం కదా అంటారు. దేశం పేరు కల్పించగలిగినవాళ్లు రోడ్డుకు మరో పేరు కల్పించలేకపోయారా? అసలు పేరుకున్న బరువు కావాలి, అసలు బాధ్యత మాత్రం వద్దు. దీన్ని కల్పన అనడానికి మాకు నోరు రావడం లేదు.

మా ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. కువైట్‌లో కష్టం చేసి ఇల్లు నిలబెట్టుకున్న కుటుంబాలు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షమందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. ఆ ఇళ్ల పిల్లలకు ఆ యుద్ధం గురించి ముందుగా తెలిసేది ఫోనులోనో కంప్యూటర్‌లోనో. తాత చెప్పేది ఒకటి, తెర చెప్పేది ఒకటి అయినప్పుడు తాతే పొరపాటు పడ్డాడని అనుకుంటారు. తెర మీద బొమ్మ అంత స్పష్టంగా ఉంటుంది మరి.

2. ఉన్నవాళ్లను లేనట్టు చూపించడం

"బ్యాటిల్‌ఫీల్డ్ 1" మొదటి ప్రపంచ యుద్ధం మీద గేము. 2016 అక్టోబరులో కొన్నవాళ్లకు అందులో ఫ్రెంచి సైన్యమూ దొరకలేదు, రష్యా సైన్యమూ దొరకలేదు. 13 లక్షలకు పైగా సైనికులను పోగొట్టుకున్న ఫ్రాన్స్ 2017 మార్చిలో, రష్యా అదే ఏడాది సెప్టెంబరులో, విడిగా డబ్బు కట్టాల్సిన అదనపు ప్యాకుల్లో వచ్చాయి. 1918లో గానీ యుద్ధరంగానికి రాని ఎంపీ 18 సబ్‌మెషిన్ గన్ మాత్రం మొదటి రోజు నుంచీ ఏ ఏడాది మ్యాపులోనైనా దొరికింది.

ఫ్రాన్స్‌కే ఈ గతి పడితే మనవాళ్ల సంగతి చెప్పేదేముంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 13 లక్షల మంది భారతీయులు పనిచేశారు, 74 వేల మంది దాకా తిరిగి రాలేదు. 1915 మార్చిలో ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ దగ్గర దాడికి దిగిన బలగాల్లో సగం మన దళాలే. రెండో యుద్ధం ముగిసే నాటికి భారత సైన్యం 25 లక్షలు. నిర్బంధ భర్తీ లేకుండా పోగైన సైన్యాల్లో అంతటిది మరొకటి లేదు. అందులో 87 వేల మంది చనిపోయారు. ఉత్తర ఆఫ్రికా గేములో, ఇటలీ గేములో, మోంటే కసీనో కొండ మీద వీళ్లు లేకపోతే ఆ గేములో చరిత్ర లేదు. మహా అయితే ఒక తలపాగా మనిషి మూలన నిలబడి ఉంటాడు. సైన్యంలో ఇంజనీరు పనులు చేసే మద్రాసు శాపర్లు మందుపాతరలు ఏరిన సంగతి, వంతెనలు కట్టిన సంగతి ఎక్కడా రాదు. వంతెన కట్టడంలో స్కోరు లేదు గదా.

ఇంఫాల్, కోహిమా పోరాటాలు 1944 మార్చి నుంచి జూలై దాకా నడిచాయి. బ్రిటన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం 2013లో ఓటింగు పెడితే బ్రిటిష్ యుద్ధాలన్నిటిలోకీ గొప్పదిగా ఎన్నికైంది ఇదే. ఇక్కడే అసలు చిక్కు. ఆ కొండల్లో బ్రిటిష్ వైపున భారతీయులున్నారు, జపాన్ వైపున ఆజాద్ హింద్ ఫౌజ్‌లో భారతీయులున్నారు. 1944 ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో ఫౌజ్ జెండా ఎగిరింది. రెండు సైన్యాల నడుమ నాగా, మణిపురి పల్లెలు నలిగాయి. నీలం జట్టు, ఎర్ర జట్టు అని పంచే మీ పద్ధతికి ఇది లొంగదు. లొంగదు కాబట్టే వదిలేస్తున్నారని మా అనుమానం.

3. కాలాన్నీ తిండినీ చెరిపేయడం

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కోట ముట్టడి అంటే నిచ్చెన, ఏనుగు, ఫిరంగి, పది నిమిషాల్లో జెండా. గేముల్లో నడిచేది ఇదే. మా దగ్గరున్న ఉదయగిరి సంగతి చూడండి.

1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి మీదికి వచ్చాడు. విజయనగరంలో ఉండి వెళ్లిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ రాసిన దాని ప్రకారం రాయల వెంట 34,000 కాలిబంట్లు, 800 ఏనుగులు. కోటలో ఉన్నది 10,000 కాలిబంట్లు, 400 గుర్రాలు. అంతకన్నా ఎక్కువమంది అక్కరలేదట. ఎందుకంటే తిండి ఆపి మాడ్చితే తప్ప పట్టుబడే కోట కాదది. పైకి పోయే దారి ఒక్కటే, అదీ మనిషి వెనక మనిషి నడవాల్సినంత ఇరుకు. ఏడాదిన్నర పాటు రాయల మనుషులు చేసిన పని ప్రధానంగా కత్తి తిప్పడం కాదు. కొండల మీద బండలు పగలగొట్టి దారులు వేయడం. ఆ ఇరుకు దారిని వెడల్పు చేసి, కొత్త దారులు కూడా తెరిచాక గానీ బురుజుల దాకా పోలేకపోయారు.

ఇప్పుడు లెక్క వేయండి. మనిషికి రోజుకు కిలో ధాన్యం అనుకుంటే కాలిబంట్లకే రోజుకు 34 టన్నులు. ఒక ఎద్దు వీపున 100 కిలోలు వేస్తే రోజూ 340 ఎద్దులు దిగాలి, అవి వెనక్కి పోవాలి, వాటికీ మేత కావాలి. ఏనుగు రోజుకు 150 కిలోల మేత తింటుంది. 800 ఏనుగులకు 120 టన్నులు. నూనిజ్ అంకెలను అక్షరాలా నమ్మమనడం లేదు. ఆయన రాసింది ఇరవై ఏళ్ల తర్వాత, సైన్యాల లెక్క పెంచి చెప్పడం ఆ కాలం రచయితలకు మామూలే. సగానికి సగం కొట్టేయండి. అయినా ఆ ధాన్యం, ఆ గడ్డి చుట్టుపక్కల పల్లెల నుంచే రావాలి. ఏడాదిన్నర అంటే కనీసం ఒక ఎండాకాలం ఆ బండల మధ్యే గడవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే నేల ఇది. ఆ ఎండలో సుత్తి పట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.

గేము చేసేవాళ్లకు ఇది అడ్డంకి కాదు, సరుకు. కోటలో గాదె తరిగిపోయే లెక్క, కొండ మీది నీటి గుంట వేసవిలో దిగిపోయే లెక్క, కింద దారి వెడల్పు పెరిగే లెక్క, పల్లె నుంచి తెచ్చిన ప్రతి బస్తాకూ ఆ పల్లె ఓర్పు తగ్గే లెక్క. ఈ నాలుగు అంకెలతో నడిచే గేములో ఒక్క రోజు తప్పు నిర్ణయం తీసుకుంటే నెల తర్వాత దెబ్బ తెలుస్తుంది. ముట్టడి చేసినవాళ్లకు తెలిసింది అదే. కోట పడ్డాక గజపతి దగ్గరి బంధువైన ఒకామె పట్టుబడిందనీ, రాయలు ఆమెను గౌరవంగా చూశాడనీ కూడా నూనిజ్ రాశాడు. కోటలోని బాలకృష్ణ విగ్రహం హంపీకి పోయి 1515లో అక్కడ ప్రతిష్ఠ అయింది. గెలుపు అంటే ఏమేం జరుగుతాయో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? మీరు మాత్రం జెండా పాతి, నాణేలు కురిపించి, తర్వాతి లెవెల్‌కు పంపిస్తారు.

4. జనం లేని ఊళ్లు

యుద్ధం మ్యాపులో ఇళ్లుంటాయి, పొయ్యిలుంటాయి, మనుషులుండరు. ఉంటే ఆట నెమ్మదిస్తుందని, ఫోన్ వేడెక్కుతుందని మీ ఇంజనీర్లు చెప్పే కారణం మాకు తెలుసు, అందులో నిజమూ ఉంది. అయినా జనాన్ని చూపించడానికి వందమంది బొమ్మలు నడవాల్సిన పని లేదు.

మన తీరంలో రెండో ప్రపంచ యుద్ధం అంటే ఏమిటి? 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అక్కడ కూలికి పోయిన తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. లక్షలాది భారతీయులతో పాటు వాళ్లూ కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలో వేలకు వేలు రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ నెలలోనే దాడి భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది, ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలిపోయాయి. ఏటా పది లక్షల టన్నులకు పైగా వచ్చే బర్మా బియ్యం ఆగిపోయింది. బెంగాల్ తీరంలో, జపాన్‌కు దక్కకూడదని, పదిమందికి మించి పట్టే పడవలను ప్రభుత్వమే లాగేసుకుంది. 1943 కరవులో అక్కడ సుమారు 30 లక్షల మంది చనిపోయారు. అక్కడ తుపాకీ పేలలేదు.

బర్మా రంగం మీద గేము చేసి బియ్యం ఊసెత్తకపోతే అది సగం గేమే. ఇది చేయగలిగే పనేనని పోలండ్‌లో చేసి చూపించారు. 2014లో వచ్చిన "దిస్ వార్ ఆఫ్ మైన్"లో ఆడేది సైనికుడిగా కాదు, ముట్టడిలో చిక్కిన ఊళ్లో మామూలు మనుషులుగా. దానికి ప్రేరణ 1992 నుంచి 1996 దాకా 1,425 రోజులు సాగిన, బోస్నియాలోని సరాయెవో నగర ముట్టడి. మందులు, కట్టెలు, డబ్బా తిండి వెతుక్కోవడమే ఆట. 2020లో పోలండ్ ప్రభుత్వం దాన్ని పాఠశాలలకు సూచించే జాబితాలో చేర్చింది. అది కోట్లు పోసి తీసిన గేము కాదు.

5. గెలిచినవాడి రాయి ఒక్కటే చదవడం

క్రీ.శ. 848 నాటిదని చెప్పే అద్దంకి శాసనంలో తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను (బోయల స్థావరాలను) పట్టి, కట్టెపు దుర్గాన్ని బయలు చేశాడని, అంటే నేలమట్టం చేశాడని ఉంది. తెలుగు పద్యానికి అది తొలి గుర్తుల్లో ఒకటి, మాకు గర్వమే. కానీ అది గెలిచినవాళ్లు వేయించుకున్న రాయి. బోయలు ఏమన్నారో ఏ రాయీ చెప్పదు. గేములో పెట్టేటప్పుడు ఆ లోటును లోటుగా చెప్పాలి తప్ప, ఓడినవాళ్లకు కొమ్ములూ కోరలూ పెట్టి పూడ్చకూడదు.

రెండు వైపుల మాటా మిగిలిన యుద్ధం మా దగ్గరే ఇంకొకటుంది. పదమూడో శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధికీ ఆవుల మందలతో వచ్చిన కాటమరాజుకూ పుల్లరి దగ్గర తగవు వచ్చి, పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర పోరు జరిగింది. నెల్లూరు వైపు నుంచి ఖడ్గతిక్కన చాటువులున్నాయి. యాదవుల వైపు నుంచి కొమ్ము కథ ఉంది, నేటికీ పాడతారు. మేపుకున్నందుకు పన్ను కట్టాలనే రాజు మాటకూ బలముంది, వానల్లేక గడ్డి మొలవని చోట దేనికి కట్టాలనే కాపరి మాటకూ బలముంది. గేము మ్యాపులో శత్రువుకు గుర్తు ఎర్ర చుక్క. ఇద్దరిలో ఎవరిని ఎర్ర చుక్క చేస్తారు? మీరు ఎర్ర చుక్క చేసినవాడి వంశం పిల్లవాడు ఇక్కడ తరగతి గదిలో పక్క బెంచీలో కూర్చుని ఉంటాడు.

మొత్తం దక్షిణాదిని ఒక్క మూటలో కట్టడం ఇంకో రకం. "ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2" గేముకు 2022లో వచ్చిన భారత రాజవంశాల ప్యాకులో మనమంతా "ద్రవిడియన్స్". కాకతీయులకు, విజయనగరానికి విడిగా చోటు లేదు. సైనికులు పలికేది తమిళం. తమిళం మీద మాకు ఈర్ష్య లేదు. కానీ గుర్రాల కోసం పోర్చుగీసువాళ్లతో బేరాలాడి ఖజానా కుమ్మరించిన విజయనగరం కూడా ఆ మూటలోనే పడి, గుర్రపు దళం బలహీనమైన జాతిగా మిగిలింది. ఉత్తరాదికి మూడు పేర్లు ఇచ్చి దక్షిణాదికి ఒక్కటి ఇవ్వడం పరిశోధన లోపమే.

6. పడిపోయినవాణ్ణి కాల్చడం

"నాక్ చేశా, ఫినిష్ చెయ్" అనే మాట మా వీధుల్లో పదేళ్ల పిల్లల నోట వినిపిస్తుంది. గాయపడి ఆయుధం వదిలినవాణ్ణి చంపకూడదని 1949 జెనీవా ఒప్పందాలు చెబుతున్నాయి. మన దేశం వాటి కోసం 1960లో చట్టమే చేసింది. సైన్యంలో చేరాలనుకుని గ్రౌండులో పరుగెత్తే కుర్రవాళ్లకు నేర్పేది ఆ నియమం, సాయంత్రం వాళ్ల ఫోను నేర్పేది దీనికి తలకిందులు. ఇది మార్చలేరా? 2021లో పబ్‌జీ మొబైల్ గేముకు ఇక్కడి రూపంగా బీజీఎంఐ వచ్చినప్పుడు ఇక్కడి వాతావరణం చూసి రక్తం రంగు ఆకుపచ్చగా మార్చారు. రంగు మార్చగలిగినవాళ్లు నియమం మార్చగలరు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘం 2023లో ఫోర్ట్‌నైట్‌లో ఒక మోడ్ పెట్టించి చూపించింది కూడా: పడిపోయినవాణ్ణి కాల్చకూడదు, పోరాడని మనుషుల జోలికి పోకూడదు, పౌరుల కట్టడాలను కూల్చకూడదు, మందుల పెట్టె శత్రువుకైనా వాడాలి. "ఆర్మా 3"కి 2017లో వచ్చిన "లాస్ ఆఫ్ వార్" ప్యాకులో మందుపాతరలు ఏరే సహాయక సిబ్బందిగా ఆడొచ్చు.

న్యాయంగా ఒక మాట. గల్వాన్ మీద 2021 జనవరి 26న వచ్చిన "ఫౌ-జీ"లో మొదట చేతి ఆయుధాలే పెట్టారు. సరిహద్దు రేఖ దగ్గర కాల్పులు వద్దని 1996 ఒప్పందం ఉంది కాబట్టి ఆ వరకు అది నిజానికి దగ్గరే. అయితే 20 మంది సైనికులు చనిపోయింది 2020 జూన్ 15న. ఏడాదైనా తిరక్కుండా, ఇళ్లలో ఏడుపు ఆగకుండా అది ఆటైంది.

ఇక మా డిమాండ్లు.

ఒకటి. ప్రతి మిషన్ మొదట్లో ఒక చిన్న పట్టీ పెట్టండి: ఇందులో జరిగింది ఇది, మేం మార్చింది ఇది, కల్పించింది ఇది. అరవై మాటలు చాలు. లెవెల్ లోడయ్యేటప్పుడు ఎలాగూ ఖాళీగా చూసే తెర అదే. "నిజ సంఘటనల ఆధారంగా" అని ఒక్క వాక్యం పడేసి చేతులు దులుపుకోవద్దు.

రెండు. నిజమైన దారుణం పేరు వాడితే చేసినవాళ్ల పేరు కూడా వాడండి. లేదంటే రెండూ కల్పించండి. ఇప్పటికే అమ్ముడైన గేముల్లో ఇది ఒక డైలాగు, ఒక సబ్‌టైటిల్ మార్చే పని. తుపాకీ బలం సరిచేయడానికి నెలనెలా అప్‌డేట్ పంపే మీకు భారం కాదు.

మూడు. ఒక యుద్ధంలో ప్రధాన సైన్యాలు మూల గేములోనే ఉండాలి. వలస దళాలను దళం పేరుతో, ప్రాంతంతో, వాళ్ల భాషతో చూపించండి.

నాలుగు. పడిపోయినవాణ్ణి, చేతులెత్తినవాణ్ణి కాలిస్తే పాయింట్లు పోయే మోడ్ ఒకటైనా ఇవ్వండి. కథ ఉన్న మిషన్లలో అదే మామూలు నియమం కావాలి.

ఐదు. ఆ పట్టీలు తెలుగులో ఉండాలి, చదవడానికి వీలుగా ఉండాలి. ఇక్కడ తప్పెక్కడ జరుగుతుందో చెబుతాం. అక్షరాలను కలిపే షేపింగ్ లేని పద్ధతిలో తెలుగు పెడితే "రాష్ట్రం" అన్న మాటలో ట వత్తు, ర వత్తు విడివడి పొల్లులుగా తేలుతాయి. ఫాంటు మారిస్తే ఇది పోదు, తప్పు ఫాంటులో లేదు. హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్ గుండా అక్షరాలు పోవాలి. రెండోది, ఇంగ్లీషుకు సరిపెట్టిన పెట్టెలో వత్తుల కింది భాగం తెగిపోతుంది. వరుసల మధ్య ఎడం పెంచాలి. విడుదలకు ముందు "స్త్రీ, క్ష్మా, రాష్ట్రం, జ్ఞానం, శాస్త్రి" అన్న అయిదు మాటలు చిన్న ఫోను తెర మీద ఒకసారి చూసుకుంటే చాలా తప్పులు బయటపడతాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఉచితమే.

ఆరు. ఒక ప్రాంతం యుద్ధాన్ని గేము చేసేటప్పుడు ఆ ప్రాంతం వాళ్లను ముందే పిలవండి. బూడిద రంగు డబ్బాలతో మ్యాపు పేర్చే దశలో అయితే ఒక కొండదారి మార్చడానికి ఒక పూట పడుతుంది. బొమ్మలు దిద్ది, గొంతులు రికార్డయ్యాక అదే మార్పుకు నటుణ్ణి మళ్లీ పిలవాలి, యానిమేషన్ మళ్లీ చేయాలి. అప్పుడు మీరే "ఇక కుదరదు" అంటారు. ఆధారాలు లేవనే సాకు వద్దు. నెల్లూరు జిల్లా రాగిరేకులు, రాతి శాసనాలు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా 1905లోనే అచ్చు వేశారు. కొమ్ము కథ పాడేవాళ్ల గొంతు వాడుకుంటే వాళ్లకు డబ్బు కట్టండి, చివర పేర్ల జాబితాలో వాళ్ల పేర్లు వేయండి.

ఏడు. ఇది అధికారులకు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేలను ఆపి, ఈ-స్పోర్ట్స్‌ను, చదువుకు పనికొచ్చే గేములను ప్రోత్సహిస్తామంది. ప్రభుత్వ సొమ్ముతో, ప్రభుత్వ పోటీల్లో బహుమతితో వచ్చే చారిత్రక గేములకు పై పట్టీని షరతుగా పెట్టండి. ప్లే స్టోర్‌లో కనిపించే వయసు గుర్తు, తయారీదారు తానే నింపిన ప్రశ్నావళిని బట్టి వస్తుంది. అందులో రక్తం గురించి, బూతు గురించి అడుగుతారు తప్ప చరిత్ర గురించి అడగరు. ఒక్క ప్రశ్న చేర్పించడానికి ప్రయత్నించండి. "అసాసిన్స్ క్రీడ్" గేముకు 2018లో పోరాటం తీసేసి ప్రాచీన ఈజిప్టును తిరిగి చూసే "డిస్కవరీ టూర్" ఇచ్చారు. అలాంటిదే బడులకు ఉచితంగా ఇచ్చే సంస్థలకు రాయితీ ఇవ్వండి. సెన్సారు బోర్డు మాత్రం పెట్టకండి. ఒక ప్రభుత్వానికి నచ్చిన యుద్ధమే మిగలడం మేం అడిగేది కాదు.

ఈ లేఖ అందిన 60 రోజుల్లో, ఒప్పుకునేవేవో, ఒప్పుకోనివేవో, ఎందుకు ఒప్పుకోరో సంఖ్యల వారీగా జవాబివ్వండి. జవాబు తెలుగులో ఇస్తే కాపీలు తీసి బడుల్లో పంచుతాం. ఏ సంస్థ అయినా తన గేము పంపితే మొదటి విడత దోషాల జాబితా ఉచితంగానే రాసిస్తాం. ఆ తర్వాత సలహాదారులుగా పిలిస్తే మాత్రం, తుపాకుల నిపుణుడికి ఎంత ఇస్తున్నారో అంతే ఇవ్వండి.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు, ఉదయగిరి, అద్దంకి ప్రాంతాల చరిత్ర ఉపాధ్యాయులు, శాసన పాఠకులు, గేమ్ డెవలపర్లు, గేమర్లు